పతకం మీద తండ్రి పేరు

ఉక్కు కర్మాగారంలో పనిచేసే మన విశాఖ సంఘస్థులకు లోహాన్ని కరిగించి అచ్చులో పోయడం తెలిసిన సంగతే. దాదాపు ఆరు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో పిసనెల్లో అనే చిత్రకారుడు అదే పనిని అరచేతిలో ఇమిడే కొలతకు దించాడు. మైనంతో బొమ్మ చేసి, దానికి అచ్చు తీసి, కంచు పోసేవాడు. పతకానికి ఒకవైపు మనిషి ముఖం, రెండోవైపు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పే బొమ్మ. ఆయన 1447లో చేసిన ఒక పతకం మీద ఉన్నది చెచీలియా గొంజాగా. ఈ వారం ఆమె కథను పాఠకుల ముందుంచుతున్నాము.

చెచీలియా 1426లో మాంటువా పాలకుడు జాన్‌ఫ్రాంచెస్కో గొంజాగా ఇంట పుట్టింది. ఆయన తన పిల్లలకు చదువు చెప్పడానికి విత్తోరినో ద ఫెల్త్రే అనే భక్తుడైన గురువును పిలిపించాడు. ఆ బడిలో ప్రభువుల బిడ్డలతోపాటు పేదల బిడ్డలూ ఫీజు లేకుండా చదివారు. చెచీలియా అన్నదమ్ములతో సమానంగా కూర్చుని, చిన్నవయసులోనే గ్రీకు నేర్చుకుంది. పెద్ద పండితులు వచ్చి చూసి ఆశ్చర్యపోయారు.

చదివించిన తండ్రే అడ్డు నిలిచాడు. ఉర్బినో రాజకుటుంబపు యువకుడు ఒద్దాంతోనియోతో పెళ్ళి కుదిర్చాడు. తన జీవితం ప్రభువుకే అంకితమని, పెళ్ళి వద్దని ఆమె చెప్పింది. తండ్రి ఒప్పుకోలేదు, కూతురు మెత్తబడలేదు. మా దగ్గరకూ తండ్రులు వస్తుంటారు, అమ్మాయి సేవ అంటోంది, మీరైనా నచ్చజెప్పండి అయ్యగారూ అని. వారి భయం అర్థమవుతుంది. అయినా వారి పక్షాన మాట్లాడడానికి మాకు నోరు రాదు.

1444లో ఒద్దాంతోనియో హత్యకు గురయ్యాడు. అదే ఏడు జాన్‌ఫ్రాంచెస్కో కూడా చనిపోయాడు. మరుసటి ఏడు చెచీలియా, తల్లి పావోలాతో కలిసి, మాంటువాలోనే పునీత క్లారా సభవారి కన్యాస్త్రీల మఠంలో చేరింది.

పతకం చేసేనాటికి ఆమె మఠంలో రెండేళ్ళుగా ఉంది. అయినా పిసనెల్లో ఆమెను రాకుమారి దుస్తుల్లోనే, జుట్టు ఎత్తి కట్టుకుని ఉన్నట్టు చూపించాడు. రెండోవైపు రాళ్ళ నేల, పైన చంద్రవంక, కూర్చున్న ఒక కన్య, ఆమె ఒడికి తల ఆనించిన ఒంటికొమ్ము మృగం. కన్యకు తప్ప ఎవరికీ లొంగదని ఆనాటివారు చెప్పుకున్న మృగం అది. చూడడానికి మాత్రం బొచ్చు మేకలా ఉంటుంది! మన బైబిలులో గురుపోతు అని ఉన్నచోట పాత ఇంగ్లీషు బైబిలులో ఈ ఒంటికొమ్ము మృగమే ఉంది. చంద్రవంక డయానా దేవతకు గుర్తు. ఎఫెసులో పౌలుకు ఎదురైన అర్తెమిని రోమీయులు పిలిచిన పేరే డయానా. క్రీస్తుకు అంకితమైన స్త్రీ పతకం మీద అన్యదేవత గుర్తు ఏమిటని మేమూ మొదట నొచ్చుకున్నాము. ఆ కాలపు కళాకారుడికి పవిత్రతను చెప్పడానికి చేతికందిన భాష అదే అని తర్వాత తోచింది.

చెచీలియా 1451లో, పాతికేళ్ళకే కన్నుమూసింది. పతకం ప్రతులు నేటికీ మ్యూజియముల్లో ఉన్నాయి, ఒకటి వాషింగ్టన్‌లో ఉంది. ఆమె ముఖం చుట్టూ లాటిన్ అక్షరాల్లో ఆమె పేరు, కన్య అనే మాట, ఆ వెంటనే మాంటువా మొదటి మార్క్విస్ జాన్‌ఫ్రాంచెస్కో కుమార్తె అని చెక్కి ఉంది.