విలియం గ్రే వాల్టర్

విలియం గ్రే వాల్టర్ (ఫిబ్రవరి 19, 1910 - మే 6, 1977) మెదడులోని విద్యుత్ తరంగాలను పరిశోధించిన బ్రిటిష్ శాస్త్రవేత్త. మనిషి నడపనవసరం లేకుండా తమంతట తామే సంచరించే చిన్న రోబోలను నిర్మించిన తొలితరం వారిలో ఈయన ముఖ్యుడు. ఈయన చేసిన ఎల్మర్, ఎల్సీ అనే యాంత్రిక తాబేళ్ళు ప్రసిద్ధి చెందాయి.

బాల్యము, విద్య

వాల్టర్ అమెరికాలోని కాన్సాస్ సిటీలో జన్మించాడు. బాల్యంలోనే కుటుంబంతో ఇంగ్లండు చేరాడు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలోను చదివాడు. కేంబ్రిడ్జిలో పరిశోధక పదవి లభించకపోవడంతో లండను ఆసుపత్రులలో పనిచేశాడు.

మెదడు పరిశోధన

మానవుని మెదడులోని విద్యుత్ తరంగాలను మొదట నమోదు చేసినవాడు జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్. ఆ పద్ధతిని వాల్టర్ మెరుగుపరచాడు. కణుతి ఉన్నచోట నెమ్మదిగా సాగే తరంగాలు వెలువడతాయని 1936లో చూపాడు. వీటికి డెల్టా తరంగాలని పేరు. దీనితో పుర్రెను తెరవకుండానే కణుతి స్థానాన్ని ఊహించడానికి వీలు కలిగింది. 1939లో బ్రిస్టల్‌లోని బర్డెన్ నాడీశాస్త్ర సంస్థలో చేరి, మూడు దశాబ్దాలు అక్కడే పరిశోధన సాగించాడు.

యాంత్రిక తాబేళ్ళు

మెదడులో కోట్లాది నాడీకణాలు ఉన్నాయి. అయితే జీవి ప్రవర్తనలోని వైవిధ్యానికి కణాల సంఖ్య కంటే వాటి మధ్యనున్న అనుసంధానమే ముఖ్యమని వాల్టర్ భావించాడు. దీనిని నిరూపించడానికి కేవలం రెండు కణాల మెదడు గల యంత్రాన్ని తయారుచేయ సంకల్పించాడు. భార్య వివియన్ డోవీ సహాయంతో 1948-49లో ఎల్మర్‌ను, ఎల్సీని నిర్మించాడు.

ప్రతి తాబేలులోను రెండు రేడియో వాల్వులు, రెండు మోటార్లు, ఒక ఫోటోసెల్, ఒక స్పర్శ స్విచ్చి, ఒక బ్యాటరీ ఉండేవి. మూడు చక్రాలలో ముందు చక్రాన్ని ఒక మోటారు నడిపేది, రెండవది దానిని తిప్పేది. ఫోటోసెల్ కూడా ముందు చక్రంతోపాటే తిరుగుతూ వెలుతురు కోసం వెతికేది. ఒక మోస్తరు వెలుతురు కనబడగానే తిరగడం ఆగి, తాబేలు అటు సాగేది. వెలుతురు మరీ ఎక్కువైతే తప్పుకొనేది. పైడొప్ప దేనికైనా తగిలితే వెలుతురును పట్టించుకోక, మాటిమాటికి నెడుతూ, మలుపు తిరుగుతూ అడ్డు తొలగించుకొనేది. బ్యాటరీ నీరసించినప్పుడు మాత్రం ప్రకాశవంతమైన దీపం గల తన గూటికి చేరి ఛార్జి అయ్యేది.

తిప్పే మోటారు పనిచేస్తున్నదని తెలుపడానికి అమర్చిన చిన్న దీపం అనుకోని ఫలితాన్నిచ్చింది. అద్దం ముందుకు వచ్చిన తాబేలు తన దీపపు వెలుతురునే చూసి తిరగడం ఆపేది. అంతలో దీపం ఆరిపోయేది. వెలుతురు పోవడంతో మళ్ళీ తిరగడం మొదలై దీపం వెలిగేది. ఈ విధంగా అది అద్దం ముందు నాట్యమాడినట్లు కదిలేది.

మెరుగుదల

తొలి తాబేళ్ళు తరచు మరమ్మతుకు వచ్చేవి. అందుచేత బర్డెన్ సంస్థలోని సాంకేతిక నిపుణుడు వారెన్ మరింత దృఢమైన ఆరు తాబేళ్ళను నిర్మించాడు. వీటిలో కొన్నిటిని 1951లో జరిగిన బ్రిటన్ ఉత్సవంలో ప్రదర్శించారు. ఆ తరువాత వాల్టర్ కోరా అనే వలయాన్ని రూపొందించాడు. ఈల ఊది వెంటనే దీపం చూపడం పలుమార్లు జరిగితే, ఈల ఒక్కదానికే స్పందించడం ఇది నేర్చుకొనేది. ఈ ప్రయోగాలను 1953లో వెలువడిన ది లివింగ్ బ్రెయిన్ గ్రంథంలో వివరించాడు.

చివరి దశ

1970లో స్కూటరు ప్రమాదంలో వాల్టర్ తలకు తీవ్రమైన గాయమైంది. జీవితమంతా మెదడును పరిశోధించిన ఈయన మెదడే దెబ్బతినడంతో పరిశోధన నిలిచిపోయింది. 1977లో మరణించాడు.

ప్రభావము

ఆస్ట్రేలియాలో పెరిగిన రోడ్నీ బ్రూక్స్ బాల్యంలో వాల్టర్ గ్రంథాన్ని చదివి, అటువంటి తాబేలును స్వయంగా తయారుచేశాడు. తరువాత ప్రముఖ రోబో శాస్త్రవేత్త అయ్యాడు.

అభిరుచి కొద్దీ రోబోలు నిర్మించేవారు నేడు మినీ సుమో పోటీలకు తయారుచేసే యంత్రాలలోను ఇదే సూత్రాన్ని చూడవచ్చు. 10 సెంటీమీటర్ల పొడవు వెడల్పులకు, 500 గ్రాముల బరువుకు మించని ఈ రోబో, 77 సెంటీమీటర్ల వ్యాసం గల నల్లని బరిలో ప్రత్యర్థిని వెతికి బయటకు నెట్టాలి. తెల్లని అంచు కనబడితే మాత్రం, ప్రత్యర్థి ఎదుటనే ఉన్నా ముందు వెనుదిరగాలి. తాబేలుకు అడ్డు తగిలినప్పుడు వెలుతురు ఎలా అప్రధానమో, అంచు చేరిన సుమో రోబోకు ప్రత్యర్థి అలాగే అప్రధానం. పరికరాలు కొద్దివే అయినా, వాటిలో దేని మాట ముందు చెల్లాలో నిర్ణయించడమే నిర్మాతకు అసలైన పరీక్ష.