ఫలక్‌నుమా ఓనర్ ఇల్లు ఎందుకు వదులుకున్నారు?

బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో నిలబడితే మీకు రెండు దారులు. ఒకవైపు రైలెక్కితే బేగంపేట, సికింద్రాబాద్, కాచిగూడ మీదుగా ఫలక్‌నుమాలో దిగుతారు. రెండోవైపు వెళ్తే హైటెక్ సిటీ, లింగంపల్లి. పట్టాలు అక్కడితో ఆగవు, వికారాబాద్ దాకా వెళ్తాయి. ఫలక్‌నుమా కట్టించింది, వికారాబాద్‌కు పేరిచ్చింది ఒక్కరే. మధ్యలో బేగంపేటలో పైగా ప్యాలెస్ ఉంది కదా, మీలో చాలామంది అమెరికా వీసా కోసం ఫైలు పట్టుకుని బయట నిల్చున్న భవనం, అది కట్టించింది కూడా ఆయనే. పేరు నవాబ్ సర్ వికార్ ఉల్ ఉమ్రా.

నవాబు గారి కథ కెరీర్ పేజీలో ఎందుకంటారా? ఈమధ్య మన వయసువాళ్లు ఇద్దరు కలిస్తే ఒక మాట తప్పకుండా వస్తోంది. ఓ ఫ్లాటో, ఫామ్‌హౌసో తీసుకుని యాప్‌లో పెట్టేద్దాం, ఈఎంఐ దానంతట అదే కట్టుకుంటుంది అని. అనంతగిరి కొండల కింద శని, ఆదివారాలు నిండిపోయే ఫామ్‌హౌస్‌లు చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. ఇటు బోరబండలోనూ గిరాకీ లేకపోలేదు. పక్క స్టేషన్‌లో హైటెక్ సిటీ, కొండెక్కితే ఫిల్మ్‌నగర్. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు, ఆడిషన్‌కి వచ్చినవాళ్లు, షూటింగ్ యూనిట్లు అందరికీ నాలుగు రోజుల గది కావాలి. టెక్ బ్లాగ్ రాస్తాను కాబట్టి నన్ను ఏ యాప్‌లో పెట్టాలని అడుగుతుంటారు. నిజానికి అడగాల్సిన మొదటి ప్రశ్న యాప్ గురించి కాదు. అతిథులు లేని రోజు ఆ ఇంటి ఖర్చు ఎవరు భరిస్తారన్నది. 130 ఏళ్ల కిందట హైదరాబాద్‌లో అందరికంటే గొప్ప విడిది కట్టిన మనిషికి ఎదురైందీ అదే ప్రశ్న.

ఆయన 1856లో పుట్టారు. అసలు పేరు ఫజలుద్దీన్ ఖాన్. పైగా వంశం. హైదరాబాద్ సంస్థానంలో నిజాం తర్వాత అంతటివాళ్లు పైగాలే. నిజాం సొంత సైన్యాన్ని పోషించే బాధ్యత, దానికి తగ్గ జాగీర్లు వాళ్లవి. పైగా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సోదరిని పెళ్లాడారు కాబట్టి రాజుగారికి బావ. డబ్బుకు, హోదాకు లోటు లేదన్నమాట. యూరప్ చూసొచ్చారు. అక్కడి భవనాలు కళ్లలో పడ్డాయి. ట్రిప్‌కి వెళ్లొచ్చి, ఆ రిసార్ట్ లాంటిది మనమూ కట్టాలని ఉబలాటపడేవాళ్లు మీ గ్యాంగ్‌లోనూ ఒకరుంటారు. తేడా ఏంటంటే ఈయన కట్టేశారు.

1884 మార్చి 3న పునాది పడింది. చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కోహ్-ఎ-తూర్ అనే కొండ మీద, 32 ఎకరాల్లో. ఆర్కిటెక్ట్ విలియం వార్డ్ మారెట్. పైనుంచి చూస్తే తేలు ఆకారం. పాలరాయి ఇటలీది. విండ్సర్ కోట నమూనాలో లైబ్రరీ, బరోస్ అండ్ వాట్స్ కంపెనీ బిలియర్డ్స్ బల్ల, 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల. పేరు ఫలక్‌నుమా, అంటే ఆకాశానికి అద్దం. కట్టడానికి, లోపల అన్నీ అమర్చడానికి కలిపి తొమ్మిదేళ్లు పట్టింది. అప్పటిదాకా ఆగలేక ఆయన మధ్యలోనే, పూర్తయిన భాగంలోకి మారిపోయి, మిగతా పని దగ్గరుండి చూసుకున్నారు. ఇల్లు కట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే, మేస్త్రీ ముందు ఓనర్ నిలబడితేనే పని నడుస్తుంది.

ఆ 101 కుర్చీల దగ్గర కాసేపు ఆగండి. అది కుటుంబం కోసం కొన్న బల్ల కాదు. ఇల్లు గీసినప్పుడే అతిథుల కోసం గీశారన్నమాట. ఇప్పుడు హోమ్‌స్టే నడిపేవాళ్లలో ఎక్కువమంది చేసేది దీనికి తిరగేసిన పని. తమకు నచ్చిన సోఫా, తమకు నచ్చిన గోడరంగు వేసి, అతిథి ఛార్జర్ పెట్టుకోవడానికి మంచం పక్కన ప్లగ్ లేకుండా వదిలేస్తారు. ఎవరు వస్తారో ముందు తేల్చుకుని, తర్వాత సామాను కొనడం వికార్ ఉల్ ఉమ్రా దగ్గర నేర్చుకోవచ్చు.

ఇంకొకటి కూడా నేర్చుకోవచ్చు, అది మార్కెటింగ్. తన పేరులోని రెండు ఇంగ్లిష్ అక్షరాలు, వీ, ఓ, కలిపి ఓ ముద్ర చేయించి కుర్చీల మీద, గోడల మీద, పైకప్పుల మీద వేయించారు. ఇప్పుడు దాన్ని లోగో అంటాం. ఇక ఫొటోలు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఆ రోజుల్లో దేశంలోనే పేరున్న ఫొటోగ్రాఫర్, నిజాం ఆస్థానంలోనివాడు. ఫలక్‌నుమా హాళ్లను ఆయన తీసిన ఫొటోలు ఈనాటికీ ఉన్నాయి. వెలుతురు సరిగ్గా పడే వేళ చూసి, గది మొత్తం కనిపించేలా తీసినవి. ఫోన్ అడ్డంగా పట్టి, లైటు వేయకుండా, మంచం మీద తువ్వాలు తీయకుండా ఫొటో కొట్టి యాప్‌లో పెట్టే ఓనర్లు ఓసారి చూడాల్సినవి.

ఇంతవరకూ ఆయన చేసింది పొరపాటని ఎవరూ అనలేరు. పొరపాటు లెక్కలో జరిగింది.

ఆ ఇంటికి సుమారు 40 లక్షల రూపాయలు అయ్యాయని చెబుతారు. 19వ శతాబ్దపు 40 లక్షలు! అంత పెద్ద జాగీర్‌దారుకూ చేతి డబ్బు సరిపోలేదు. బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌లో అప్పు తెచ్చారు. (ఆ బ్యాంకు 1921లో మరో రెండు బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంక్ అయింది, 1955లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయింది. మీ నాన్న ఇంటి లోను తీసుకున్నదీ అక్కడేనేమో చూడండి.) కట్టడానికైన అప్పు ఒకటైతే, 32 ఎకరాల తోట, అన్ని గదులు, దీపాలు, వంటిల్లు, నౌకర్లు, వీటి ఖర్చు వేరు. అది ఆగదు. ఇల్లు మాత్రం పైసా తెచ్చేది కాదు. ఆయన అతిథులు అద్దె కట్టేవాళ్లు కాదు కదా.

మీ ఫ్లాట్‌కు ఇదే లెక్క వేసి చూడండి. ఉదాహరణకు ఈఎంఐ 38,000 అనుకుందాం. రాత్రికి 3,000 చొప్పున నెలలో 12 రాత్రులు నిండితే 36,000. చూడ్డానికి ఈఎంఐ దగ్గరకొచ్చినట్టే ఉంది. ఇప్పుడు తీసేయండి. యాప్ కోత 15 శాతం అనుకుంటే 5,400. ఎనిమిది బుకింగులకు క్లీనింగ్ 400 చొప్పున 3,200. కరెంటు, వైఫై, నీళ్లు 5,000. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,000. చేతికి వచ్చేది 19,400. అంటే 18,600 మీ జీతంలోంచి వేయాలి. అదే ఫ్లాట్‌ని ఒక కుటుంబానికి నెలకు 22,000 అద్దెకిస్తే, మెయింటెనెన్స్ కూడా వాళ్లే కట్టుకుంటారు, మీరు వేసేది 16,000. ఇదే లెక్కన సుమారు 20 రాత్రులు నిండితే గానీ ఈఎంఐ రాదు. పరీక్షల సీజన్‌లో, వానాకాలం మధ్య వారాల్లో 20 రాత్రులు ఎక్కడి నుంచి వస్తాయి? అంకెలు మీ ఏరియాను బట్టి మార్చుకోండి. 12 రాత్రుల దగ్గర మొదలుపెట్టండి, 25 దగ్గర కాదు. ఇక ఆ అప్పులో అమ్మ బంగారమో, నాన్న పీఎఫ్ డబ్బో కలిసి ఉంటే, ఈ కాగితం వాళ్ల ముందే పెట్టి లెక్కేయండి.

మళ్లీ నవాబు గారి దగ్గరికి. 1893లో ఆయన హైదరాబాద్ ప్రధాని అయ్యారు. హోదా పెరిగితే అప్పు తరగదు. 1897 ప్రాంతంలో జరిగినదాన్ని నగరంలో ఇలా చెప్పుకుంటారు. నిజాంను విడిదికి పిలిచారు. రాజుగారికి ఇల్లు తెగ నచ్చింది. ఒక్కరోజు అనుకున్న బస వారమైంది, పక్షమైంది, నెలైంది. వెళ్లమని రాజును ఎవరంటారు? చివరికి వికార్ ఉల్ ఉమ్రా ఆ భవనాన్ని ప్రభువుకే కానుకగా ఇస్తున్నానన్నారు, నిజాం పుచ్చుకుని ఖర్చులో కొంత ఇచ్చారు. ఈ ఉపాయం ఆయన భార్యదేనని కూడా అంటారు. అదే నిజమైతే ఆ ఇంట్లో లెక్క సరిగ్గా తెలిసిన మనిషి ఆవిడే. బావాబామ్మర్దుల మర్యాద చెడకుండా, అప్పులవాళ్ల చేతికి ఇల్లు పోకుండా, పరువు నిలిచేలా బయటపడటం చిన్న విషయం కాదు. చాలామంది దీన్ని నవాబు గారి ఓటమిగా రాస్తారు. నాకు అలా అనిపించదు. వదులుకోవాల్సిన సమయంలో, భరించగలిగిన మనిషికి వదులుకున్నారు.

తర్వాత ఆయన బేగంపేటలో నాలుగు ఎకరాల్లో, రెండంతస్తుల్లో ఇంకో ఇల్లు కట్టించుకున్నారు. 32 తర్వాత 4! 1901లో ప్రధాని పదవి వదిలారు, 1902 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి 45 ఏళ్లే. తమాషా ఏంటంటే ఆ చిన్న ఇంటికి తర్వాతి కాలంలో నికరమైన కిరాయిదార్లు దొరికారు. హుడా ఆఫీసు అక్కడే ఉండేది, 2008 నుంచి 2023 మార్చి దాకా అమెరికన్ కాన్సులేట్ నడిచింది. సీజన్ గొడవ లేదు, రివ్యూల గొడవ లేదు.

ఫలక్‌నుమా మాత్రం నిజాం చేతిలో రాజ అతిథి గృహమైంది. ఖర్చు ఖజానా మోసింది. 1906లో వేల్స్ యువరాజుగా వచ్చిన ఐదో జార్జి అక్కడే దిగారు. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయిందీ ఆ భవనంలోనే. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్‌కోఠీ వదిలి అక్కడికి మారలేదు, అతిథులకే ఉంచారు. సంస్థానం పోయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు, పెద్ద అతిథుల్లో ఆయనే చివరివారు. ఆపై దశాబ్దాలపాటు తలుపులు మూతే. మనుషులు మసలని ఇంటికి ఏమవుతుందో ఊళ్లో తాతగారి ఇల్లు ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

దాన్ని మళ్లీ నిలబెట్టింది లీజు. నిజాం కుటుంబం ఆస్తి తమ దగ్గరే ఉంచుకుని, నడిపే పని తాజ్ హోటళ్లకు అప్పగించింది. ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చూసుకోగా, మరమ్మతులకే పదేళ్లు పట్టింది, అంటే కట్టిన తొమ్మిదేళ్ల కంటే ఎక్కువ. 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచారు. 2014 నవంబరులో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి అక్కడే జరిగింది. 2017 నవంబరులో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చిందీ ఆ 101 కుర్చీల బల్ల దగ్గరే. ఓనర్ వేరు, నడిపేవాళ్లు వేరు. ఇప్పుడు ఫ్లాట్లకు కూడా ఇలా నడిపిపెట్టే సంస్థలు ఉన్నాయి. వాళ్లకు వాటా పోతే మీకు మిగిలేది తగ్గుతుంది, కానీ అర్ధరాత్రి గీజర్ పనిచేయట్లేదని ఫోన్ మీకు రాదు. ఉద్యోగం చేస్తూ హోమ్‌స్టే నడుపుదామనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. డబ్బు ఎక్కువా, నిద్ర ఎక్కువా?

సొంతంగానే నడుపుతానంటే సరే. లిస్టింగ్ పెట్టకముందే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అడగండి, రోజువారీ అద్దెకు ఒప్పుకోని చోట మొదటి పార్టీ రాత్రికే కథ ముగుస్తుంది. అద్దె ఇల్లయితే మీ ఓనర్ అనుమతి కాగితం మీద ఉండాలి. వచ్చిన ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి, ఒకరిది తీసుకుని నలుగురిని పంపొద్దు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఇమిగ్రేషన్ వాళ్లకు ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి, ఇది హోటళ్లకే కాదు, మీ రెండు గదులకూ వర్తిస్తుంది. ఇక దుప్పట్లు ఒక్కో మంచానికి మూడు జతలు కొనండి. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. రెండు జతలతో మొదలుపెట్టినవాళ్లంతా మొదటి వానాకాలానికే మూడోది కొంటారు.