చదువు అబ్బదన్నారు, మోటారు కుదిర్చాడు

గ్రామఫోన్ అనగానే బూర, దాని ముందు కూర్చున్న కుక్క గుర్తొస్తాయి. మూత ఎత్తి లోపలి మోటారు చూసేవాళ్లు తక్కువ. ఆ మోటారుతో జీవితం మారిపోయిన మెషినిస్టు ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్.

1867లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోతే బంధువుల ఇంట్లో పెరిగాడు. కాలేజీకి వెళ్లాలని ఆశ. కానీ స్కూల్ పెద్దాయన, నీకు పై చదువు అబ్బదు, పని నేర్చుకోమని తేల్చేశాడు. దాంతో 1883లో ఫిలడెల్ఫియాలోని ఒక రిపేరు షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. తర్వాత నదికి అవతల ఉన్న కామ్‌డెన్‌లో ఒక చిన్న మెషిన్ షాపుకి మారాడు. 1894 నాటికి ఆ షాపు అతనిదే.

1896లో ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్ ఆ షాపు గడప తొక్కింది. పళ్లెం లాంటి రికార్డు బాగానే ఉంది, తిప్పడమే తంటా. హ్యాండిల్ చేత్తో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి నెమ్మదిస్తే పాటగాడి గొంతూ సాగిపోతుంది. స్ప్రింగ్ పెడితే సరిపోదా? సరిపోదు. నిండా కీ ఇచ్చినప్పుడు స్ప్రింగ్ గట్టిగా లాగుతుంది, పోనుపోను బలం తగ్గుతుంది. రికార్డు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో తిరగాలి.

థియరీ ఆఫ్ మెషిన్స్‌లో వాట్, పోర్టర్, హార్ట్‌నెల్ గవర్నర్లు గుర్తున్నాయా? (పరీక్ష అయ్యాక మర్చిపోయిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను.) ఇక్కడ పనిచేసేదీ ఆ సూత్రమే. సన్నటి స్ప్రింగ్ పట్టీల మీద చిన్న బరువులు, సాధారణంగా మూడు ఉంటాయి. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని ఒక చిన్న బిళ్లను లాగుతాయి. బిళ్ల వెళ్లి తోలు ముక్కకు రాసుకుంటుంది, వేగం తగ్గుతుంది. స్ప్రింగూ గవర్నరూ జాన్సన్ కనిపెట్టినవి కావు. వాటిని చప్పుడు తగ్గించి, చవకగా, ఇంట్లో వాడుకునేలా కుదర్చడంలోనే అతని పనితనం ఉంది. ఆర్డర్లు వచ్చిపడ్డాయి. షాపు ఫ్యాక్టరీ అయింది.

1900లో పిడుగు పడింది. అమ్మకాల హక్కులున్న ఫ్రాంక్ సీమన్‌తో వచ్చిన గొడవలో కోర్టు బెర్లినర్ చేతులు కట్టేసింది. జాన్సన్ పెట్టుబడంతా ఫ్యాక్టరీలో ఉంది, కొనేవాడే లేడు. తానే అమ్మకానికి దిగాడు. అతని మీదా కేసు పడింది. వ్యాపారం చేసుకోవచ్చు గానీ గ్రామఫోన్ అనే మాట వాడకూడదని 1901లో తీర్పొచ్చింది. అదే ఏడాది విక్టర్ టాకింగ్ మెషిన్ కంపెనీ మొదలైంది. 1906లో బూరను పెట్టెలోకి మడిచేసిన విక్ట్రోలా వచ్చింది. రేడియో జోరు మీదున్న రోజుల్లో, 1926 చివర్లో తన వాటా అమ్మేసి బయటపడ్డాడు. 1945లో పోయాడు.

కుక్క స్టిక్కర్ అంటించిన కొత్త గ్రామఫోన్లు మన దేశంలోనూ తయారవుతున్నాయి. చాలావాటిలో మోటారు ఏదో పాత పోర్టబుల్ మెషిన్‌ నుంచి తీసిందే. కాబట్టి కొనేముందు పళ్లెం తీయించి చూడండి. చెక్కలో పనిలేని పాత రంధ్రాలున్నా, హ్యాండిల్ రంధ్రం మోటారుకు సూటిగా లేకపోయినా, గవర్నర్ బరువులు ఒకేలా లేకపోయినా అనుమానించాల్సిందే. స్ప్రింగ్ కొత్తదైతే మాత్రం బేరం వదులుకోకండి. అది విరిగిపోయే భాగం, నిజమైన విక్టర్‌లోనూ మారుస్తూనే ఉంటారు.