తల్లికంటే ముందే వెళ్లిన కూతురు

తల్లిదండ్రులను పిల్లలు సాగనంపడం లోకరీతి. కన్నబిడ్డను సమాధికి సాగనంపవలసి వచ్చిన తల్లి గుండెకోత మాటలకందనిది. ఆ కోతను అరవై మూడేళ్ల వయసులో అనుభవించిన విశ్వాసి పండిత రమాబాయి. ఆమె పేరు మన సంఘాల్లో చాలామందికి తెలుసు. ఆమె నీడలోనే సేవచేసి, ఆమెకంటే ముందే ప్రభువును చేరుకున్న కూతురు మనోరమాబాయి గురించి తెలిసినవారు మాత్రం తక్కువ.

మనోరమ 1881 ఏప్రిల్‌లో పుట్టింది. అప్పటికే రమాబాయి 1870ల నాటి కరవులో తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. తోడుగా మిగిలిన అన్న 1880లో చనిపోయాడు. 1882లో భర్త బిపిన్ బిహారీ కలరాతో కన్నుమూశారు. ఇరవై మూడేళ్లకే వితంతువైన ఆ తల్లి ఒడిలో మిగిలింది ఈ పసిబిడ్డ ఒక్కతే. మనోరమ అంటే మనసుకు ఆనందమిచ్చేది అని అర్థం. 1883లో తల్లీకూతుళ్లు ఇంగ్లండు వెళ్లి, వాంటేజ్ పట్టణంలో కలిసి బాప్తిస్మం పొందారు. చిన్నతనంలో కొంతకాలం మనోరమ తల్లికి దూరంగా అక్కడి సిస్టర్ల సంరక్షణలో పెరిగింది.

రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదన్ ప్రారంభించారు. 1896-97 కరవులో దిక్కులేని బాలికలను వందలమందిని చేరదీసి, పుణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి మిషన్ నెలకొల్పారు. ఒక్కగానొక్క కూతురు తన తల్లిని ఇంతమందితో పంచుకోవలసి వచ్చింది. ఇంగ్లండు, అమెరికాల్లో చదువుకున్న మనోరమకు సుఖమైన జీవితం ఎంచుకునే వీలుంది. అయినా ఆమె కేడ్గావ్‌కే తిరిగివచ్చి, తల్లి భారంలో సగం తన భుజాలకెత్తుకుంది. ఇంగ్లండులో బ్రెయిలీ లిపి నేర్చుకుని, ముక్తిలోని అంధ స్త్రీలకు నేర్పింది. ఎవరికీ అక్కరలేదనిపించుకున్న ఆ అంధులు వేళ్లతో తడిమి చదవడం మొదలుపెట్టారు. 1912లో అప్పటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో పాఠశాల ప్రారంభమైనప్పుడు దాని ప్రిన్సిపాల్ బాధ్యత కూడా ఆమే మోసింది.

తన తర్వాత ముక్తి పరిచర్యను కూతురే నడిపిస్తుందని రమాబాయి ఆశించారు. కానీ 1921 జూలై 24న, నలభై ఏళ్ల వయసులో మనోరమ కన్నుమూసింది. వేలమంది అనాథలకు ఆశ్రయమిచ్చిన తల్లి తన ఒక్క బిడ్డను దక్కించుకోలేకపోయింది. దేవుడు ఇలా ఎందుకు చేశాడు? జవాబు మన దగ్గర లేదు, ఉన్నట్టు నటించనూ కూడదు. ఆ తల్లి మాత్రం పని ఆపలేదు. ఏళ్లతరబడి చేస్తున్న మరాఠీ బైబిలు అనువాదాన్ని పూర్తిచేసి, తొమ్మిది నెలలు నిండకముందే, 1922 ఏప్రిల్ 5న తానూ ప్రభువులో నిద్రించారు. వారసురాలు లేకపోయినా ముక్తి మిషన్ మూతపడలేదు. అది ఆ తల్లీకూతుళ్ల సొంత ఆస్తి కాదు, దేవుని పని.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు (అపొ.కా. 9:39). దొర్కాను దేవుడు తిరిగి లేపాడు. మనోరమను లేపలేదు. కానీ చూపించడానికి ఆమె వెనుక కూడా కొన్ని మిగిలాయి: చదవడం నేర్చిన అంధుల వేళ్లు, గుల్బర్గాలో చదువుకున్న పిల్లలు.

మనం కూడా మన బిడ్డల జ్ఞాపకార్థ కూడికలు జరుపుకుంటాం, పటానికి పూలమాల వేస్తాం, భోజనాలు పెడతాం. అవి తప్పు కాదు. ఆ బిడ్డ ఏ రోగి మంచం పక్కన కూర్చునేదో, ఏ పేదపిల్లకు ఫీజు కట్టేదో మనకు తెలుసు కదా! ఈ ఏడాది ఆ పని ఆగిపోకుండా మనమే చేద్దాం. అదే ఆమెకు నిజమైన జ్ఞాపకార్థ కూడిక. కన్నీళ్లతోనే చేద్దాం. రమాబాయి కూడా కన్నీళ్లు ఆరేదాకా ఆగలేదు.