జన్యువులకూ బదిలీలుంటాయి – బార్బరా మెక్‌క్లింటాక్

బదిలీ అంటే ఏమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. జన్యు పదార్థంలోనూ బదిలీలుంటాయని కనిపెట్టిన శాస్త్రజ్ఞురాలు బార్బరా మెక్‌క్లింటాక్. ఆమె జీవితం, అందునా రిటైరైన తరువాతి జీవితం, పెన్షనర్లమైన మనం తెలుసుకోదగినది.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించారు. కాలేజీలో చేరితే పిల్లకు పెళ్ళి కాదేమోనని తల్లి భయపడ్డారు. (ఈ భయం మన ఇళ్ళలోనూ ఉండేదే.) తండ్రి అండతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1927లో డాక్టరేటు పొందారు. చివరిదాకా అవివాహితగానే ఉండిపోయారు. 1941లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయానికి వచ్చిన తరువాత మరెక్కడికీ పోలేదు.

ఆమె పరిశోధన చాలావరకు మొక్కజొన్న మీదనే. మన పల్నాడు రైతులు పండించే పసుపు గింజల రకం కాదు. ఊదా, ఎరుపు మచ్చలుండే రంగు గింజలవి. స్వయంగా విత్తి, పుప్పొడి అద్ది, కండె కండెకూ లెక్క రాసుకునేవారు. ఒకే గింజలో కొంత రంగు, కొంత తెలుపు ఎందుకని ఆమె సందేహం. రంగునిచ్చే జన్యువులోకి డి.ఎన్.ఎ. ముక్క ఒకటి వచ్చి కూర్చుంటే ఆ జన్యువు పని ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచిపోతే, ఆ కణం సంతతిలో మళ్ళీ రంగు వస్తుంది. పెందలాడే లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. ఈ ముక్కకు ఆమె డిసోసియేషన్ అని పేరు పెట్టారు. అది తనంతట తాను కదలలేదు. యాక్టివేటర్ అనే మరో ముక్క ఉంటేనే కదులుతుంది. పై నుంచి ఆర్డరు రానిదే సీటు కదలని గుమాస్తా వంటిదన్న మాట!

1951లో శాస్త్రజ్ఞుల సభలో ఆమె ఈ సంగతులు వివరిస్తే పెద్దగా స్పందన రాలేదు. జన్యువులు దండలోని పూసల్లాగా ఉన్నచోటనే ఉంటాయని అప్పటి నమ్మకం. తప్పంతా విన్నవారిదే అనను. విషయం చిక్కుది, ఆమె వివరణ అంతకన్న చిక్కుది. 1953 తరువాత ఈ విషయమై ప్రచురించడం బాగా తగ్గించారు. పని మాత్రం మానలేదు.

1967లో రిటైరయ్యారు. అయినా అదే పరిశోధనాలయంలో పని చేస్తూనే వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బాక్టీరియాలలోనూ ఇటువంటి కదిలే ముక్కలు బయటపడసాగాయి. మందులకు లొంగని గుణాన్ని ఒక క్రిమి నుంచి మరో క్రిమికి చేరవేయడంలో వాటికి పాత్ర ఉందని తేలింది. 1983లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆమె ఒక్కరికే ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 81. ఇంట్లో ఫోను లేనందున ఆ వార్త రేడియోలో విని తెలుసుకున్నారు.

మనిషి డి.ఎన్.ఎ.లో దాదాపు సగం ఇటువంటి ముక్కలు, వాటి అవశేషాలే. చాలా భాగం ఇక కదలలేనివి. కొన్ని మాత్రం పక్క జన్యువులు ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలో నిర్ణయించే మీటలుగా మారాయి. ఒక్కొక్కప్పుడు రాకూడని చోట చేరి, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా వంటి జబ్బును కూడా తెచ్చిపెడతాయి.

ఆమె 1992 సెప్టెంబరు 2న, తొంభయ్యో ఏట, హంటింగ్టన్‌లో కన్నుమూశారు.