తల్లి ఒడిలో నేర్చిన విద్య – చార్లీ చాప్లిన్

నవ్వుల రేడుగా లోకమంతటా కీర్తిగాంచిన చార్లీ చాప్లిన్ బాల్యం కన్నీటిమయం. 1889 ఏప్రిల్ 16న జన్మించిన ఆయన లండన్ పేదవాడలలో పెరిగాడు. తల్లి హన్నా రంగస్థల గాయని. కిటికీ వద్ద కూర్చుండి బాటసారుల నడకను, ముఖకవళికలను అనుకరించి చూపిన ఆమెయే ఆయనకు తొలి గురువు. ఒకనాటి ప్రదర్శనలో ఆమె గొంతు పోగా, ఐదేళ్ల చార్లీ ఆమెకు మారుగా వేదికనెక్కి పాడి ప్రేక్షకులను మెప్పించాడు.

1896లో దారిద్ర్యం తాళలేక ఆ కుటుంబం బీదల శరణాలయం చేరింది. అచట నియమానుసారం బిడ్డలను తల్లికి దూరం చేశారు. అనంతరం ఆమెకు మతి చలించింది. 1903లో అన్న సిడ్నీ ఓడపై కొలువులో ఉండగా, పద్నాలుగేళ్ల చార్లీయే తల్లిని ఆసుపత్రికి నడిపించుకొనిపోయాడు. ఆ యేడే ‘షెర్లాక్ హోమ్స్’ నాటకంలో బాలసేవకుని వేషం సంపాదించాడు. 1908లో ఫ్రెడ్ కార్నో హాస్యబృందంలో చేరి, 1910లో ఆ బృందంతో అమెరికా వెళ్లాడు. 1914లో వెండితెరపై ధరించిన దేశదిమ్మరి వేషం ఆయనను ఖండాంతర విఖ్యాతుని గావించింది.

ఎడబాటు వేదనను చిత్రించిన ‘ది కిడ్’ 1921లో విడుదలైంది. ఆ సంవత్సరమే తల్లిని కాలిఫోర్నియాకు రప్పించి, ఇల్లు అమర్చి, పరిచారికలను నియమించాడు. సంపద వైద్యాన్ని సమకూర్చింది గాని చెదిరిన మనస్సును పూర్తిగా మరల్చలేకపోయింది. అయినను ఆమె కడపటి ఏడేళ్లు కుమారుని పోషణలో గడిపి, 1928లో కన్నుమూసింది.

1977లో చాప్లిన్ అస్తమించాడు. ఆయన నడకను చూచి నేటికీ నవ్వే బాలలు, ఆ కిటికీ వద్ద ఒక తల్లి నేర్పిన పాఠాన్నే చూస్తున్నారు.