శిలల వయస్సు తేల్చిన ఆర్థర్ హోమ్స్

భూమి వయస్సెంత? భూగోళము చల్లారుటకు పట్టిన కాలమును లెక్కించి, రెండు మొదలు నాలుగు కోట్ల సంవత్సరములని కెల్విన్ ప్రభువు 1897లో సమాధానము చెప్పెను. పర్వతములు పుట్టి అరిగిపోవుటకు ఆ కాలము చాలదని భూగర్భ శాస్త్రజ్ఞులు సందేహించిరే గాని, వారి చేత కొలమానము లేకపోయెను. ఆ కొలమానమును సమకూర్చినవారిలో అగ్రగణ్యుడు ఆర్థర్ హోమ్స్.

ఆయన 1890లో ఉత్తర ఇంగ్లండున జన్మించెను. యురేనియము మార్పులేని వేగముతో క్షయించి సీసముగా మారును. లండనులో విద్యార్థిగా నున్నప్పుడే హోమ్స్ ఈ సత్యము నాధారముగా గొని నార్వే దేశపు శిలను పరీక్షించి, 1911లో దానికి 37 కోట్ల ఏండ్ల వయస్సు కట్టెను. అప్పటికాయన వయస్సు ఇరువదియొక్క సంవత్సరములే.

విద్యార్థి వేతనము చాలక, ఆ యేడే ఖనిజాన్వేషణకై మొజాంబిక్ వెళ్ళెను. అచ్చట మలేరియా సోకగా, ఆయన మరణించెనను వార్త స్వదేశమునకు చేరెను. కాని ప్రాణములతో బయటపడెను. 1920లో చమురు సంస్థలో ఉద్యోగమునకై బర్మా వెళ్ళెను. ఆ సంస్థ దివాలా తీసెను. మూడేండ్ల కుమారుడు జబ్బుచేసి అచ్చటనే మరణించెను. రిక్తహస్తములతో మరలివచ్చిన హోమ్స్‌నకు 1924లో డరహాం విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను.

భూమిలోపలి వేడి శిలాపదార్థము మెల్లగా పైకి వచ్చి, చల్లారి, మరల దిగుచుండుననియు, ఖండములు కదలుట కీ ప్రవాహములే కారణమనియు ఆయన 1920ల చివర ప్రతిపాదించెను. నాడు పెక్కుమంది నమ్మలేదు. 1960లలో సముద్రగర్భ పరిశోధనలు ఆ యూహకు బలము చేకూర్చెను.

క్రొత్త పరికరములు వచ్చినప్పుడెల్ల హోమ్స్ తన లెక్కలను తానే దిద్దుకొనెను. సీసపు ఐసోటోపుల పాళ్ళను బట్టి 1946లో భూమి వయస్సు సుమారు 300 కోట్ల ఏండ్లని గణించెను. మన ద్వీపకల్పపు ప్రాచీన శిలల కాలమును గూర్చి 1955లో వ్యాసము ప్రకటించెను. మరుసటి యేడు ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు భూమి వయస్సు 455 కోట్ల ఏండ్లని నిర్ధారించెను. హోమ్స్ 1965లో కన్నుమూసెను.

నేడు శాస్త్రజ్ఞుల కభిమానమైన గడియారము జిర్కాన్ అను చిన్న స్ఫటికము. శిలాద్రవము చల్లారునప్పుడు ఇది యురేనియమును తనలో చేర్చుకొనును, సీసమును మాత్రము దాదాపుగా చేరనీయదు. కనుక దానిలో నేడు కనుపించు సీసము తరువాత పుట్టినదే. సముద్రపు అడుగు ఖండముల క్రిందికి దిగుచోట అగ్నిపర్వతముల వరుసలు ఏర్పడును; ఆండీస్ పర్వతము లందుకు నిదర్శనము. అవి అరిగినను, నదుల ఇసుకలో మిగిలిన జిర్కాన్ రేణువులు ఆ నిప్పు ఏ యుగమున రగిలినదో, ఎప్పుడు మందగించినదో తెలుపును. ఆ రేణువులలోని హాఫ్నియము ఐసోటోపులు, శిలాద్రవము భూమి లోతులనుండి క్రొత్తగా వచ్చినదో, పాత ఖండశిల కరుగగా పుట్టినదో చెప్పును.

పేదరికము, వ్యాధి, పుత్రశోకము ఆయనను కృంగదీయజూచెను గాని, ఆ యువకుడు చేపట్టిన లెక్క ఆగలేదు.